దొరసాని బ్యాటరీ ఎవరు తాగేశారు?

బెవర్లీ,
అక్టోబరు 20.

విదర్‌హోమ్ ఫార్మ్ యజమానురాలు శ్రీమతి డోరీన్ ఆక్స్‌టబీ గారికి, క్లిఫర్డ్ ఆంబ్లర్ నమస్కరించి వ్రాయునది.

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరమూ క్షేమమే, ఒక్క దొరసాని తప్ప.

దొరసాని అంటే మా ఆవిడ అనుకునేరు. మా ఆవిడ పేరు గ్లెనిస్, ఆమెకేమీ ఢోకా లేదు. దొరసాని మా మోటర్‌హోమ్. వెనక మంచం, పక్కన పొయ్యి, మూలన తలుపేసుకునే చిన్న గది, అన్నీ అమర్చిన ఇంటిబండి. మీ పెరట్లో మూడో వరసలో బూడిదరంగు కవరు కప్పుకుని ఉన్నది అదే. కిందటి నెలలో నేనే స్వయంగా తెచ్చి నిలిపి, ఒక తాళంచెవి మీ చేతికిచ్చాను. రెండోది మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉంది.

ఇక విషయానికి వస్తాను. నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ జిల్లాలో ఏ కసాయి కొట్టు తక్కెడా నా ముందు అబద్ధం ఆడలేకపోయింది. బండి మీ దగ్గర వదిలిన రోజున మీటరు పెట్టి చూస్తే రెండు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. ముందుది ఇంజను తిప్పేది, వెనకది లోపలి దీపాలకూ నీళ్ల పంపుకూ. నిన్న వచ్చి చూస్తే రెండూ దిగిపోయాయి. ఈలోగా చక్రం తిరగలేదు, దీపం వెలగలేదు. మరి కరెంటు ఎక్కడికి పోయినట్టు? గిన్నెలో పాలు తగ్గాయంటే ఎవరో తాగారనే కదా అర్థం.

ఇది చిన్న సంగతి కాదని మీరు గ్రహించాలి. వచ్చే మే నెలలో మా పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. దేశానికి ఉత్తరపు కొసన సముద్రంలో ఉన్న ఆర్క్‌నీ దీవులు చూడాలని గ్లెనిస్ ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. కిందటి వసంతంలో బయలుదేరాం కూడా. అప్పుడు బండి వేరేచోట ఉంచేవాళ్లం. ఆమె కొత్త టోపీ పెట్టుకుని, శాండ్‌విచ్‌ల పొట్లం ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను తాళం తిప్పాను. దొరసాని 'టిక్' అంది. మళ్లీ తిప్పితే ఆ టిక్ కూడా అనలేదు. గ్లెనిస్ టోపీ తియ్యకుండా ఆ శాండ్‌విచ్‌లన్నీ అక్కడే కూర్చుని తింది. ఇంటికొచ్చాక అంది: "ఇంకొక్కసారి ఇది టిక్ అందంటే అయిపోయినట్టే, క్లిఫర్డ్. బండి ఉన్నా లేకపోయినా, నువ్వు వచ్చినా రాకపోయినా, నేను మాత్రం ఆర్క్‌నీ చూస్తాను." నలభై ఏళ్లలో ఆమె గొంతు అలా వినలేదు. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

కాబట్టి మీ కొట్టంలో ఉన్న ప్లగ్గు నుంచి ఒక తీగ లాగించి దొరసానికి తగిలించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
సి. ఆంబ్లర్,
ఇన్‌స్పెక్టరు (రిటైర్డు)

తా.క.: బండి మీద సోలారు పలక కూడా ఒకటి ఉంది. స్వహస్తాలతో అతికించాను. అదీ ఎందుకో పనిచెయ్యడం లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్లకు ఘాటుగా రెండు ఉత్తరాలు వ్రాశాను, జవాబు లేదు. తప్పు చేసినవాళ్లకు నోరు పెగలదు కదా.


విదర్‌హోమ్ ఫార్మ్,
అక్టోబరు 27.

ఆంబ్లర్ గారికి డోరీన్ రాసేది,

ఉత్తరం అందింది. ఫోనైతే అరనిమిషంలో తేలిపోయేది. ఏం చేస్తాం, మా పల్లంలో సిగ్నల్ రాదు, మీకేమో కాగితం మీద ఉంటే తప్ప నిద్రపట్టదాయె.

తీగ లాగడం కుదరదండీ. ఒకసారి ఇలాగే ఒకాయన బతిమాలాడని లాగాం. ఎలుకలు కొరికి గడ్డి కొట్టం సగం తగలబడింది. అప్పుడు మా ఆయన బతికే ఉన్నాడు. ప్యాంటు వేసుకోవడం కూడా మరిచిపోయి బకెట్లు పట్టుకుని పరిగెత్తాడు, ఊరంతా చూసింది. ఆనాటి నుంచి బళ్ల వరసల్లోకి తీగ రాదు. కొట్టంలో ప్లగ్గు కొట్టంలోనే ఉంటుంది.

బ్యాటరీ తాగడానికి దొంగ అక్కర్లేదు. నిలబెట్టిన బండిలో ఏదో ఒకటి నిద్రపోకుండా మేలుకునే ఉంటుంది. గడియారమో, రేడియోనో, మెట్టు కింది దీపమో. మీ సీటు కింద ఎర్ర మీట ఉంటుంది చూడండి. అది తిప్పారంటే అన్నీ పడుకుంటాయి. ఇక్కడున్న బళ్లన్నీ అలాగే హాయిగా పడుకున్నాయి. లేదంటే నెలకోసారి వచ్చి ఓ పూట అలా తిప్పుకురండి. ఇంజను తిరిగితే బ్యాటరీ దానంతటదే నిండుతుంది. బండి చేసిందే అందుక్కదా.

మీరేమో వారానికి రెండుసార్లు వస్తారు. తలుపు తీస్తారు, దీపాలన్నీ వేస్తారు, మీటరు పెట్టి గంటసేపు చూస్తారు, తగ్గిందని తల పట్టుకుని పోతారు. మీరు చూడటానికే సగం అయిపోతోందని నా అనుమానం.

ఇట్లు,
డోరీన్

తా.క.: సోలారు వాళ్లకి మూడో ఉత్తరం రాయకండి. పలక బండి కప్పు మీద ఉంది. దాని మీద మీరు కవరు కప్పారు. ఎండ పలక మీద దుప్పటి కప్పి పడుకోబెట్టినవాణ్ణి నా జన్మలో మిమ్మల్నే చూశాను.


బెవర్లీ,
నవంబరు 9.

శ్రీమతి ఆక్స్‌టబీ గారికి,

మీ ఉత్తరంలోని స్వరం నన్ను నొప్పించిందని ముందుగా మనవి చేస్తున్నాను. అయినా వరసగా జవాబిస్తాను.

కవరు గురించి. అది గాలి ఆడే రకమని అట్టపెట్టె మీద స్పష్టంగా వ్రాసి ఉంది. గాలి ఆడేదానిలోంచి వెలుతురు ఎందుకు రాదు? సరే, రాదనే అనుకుందాం. మీరు రోజూ పొద్దున్నే కవరు తీసి, పొద్దుగూకాక మళ్లీ కప్పితే సరిపోతుంది. పెద్ద పనేమీ కాదు. ఒక నిచ్చెన, ఇద్దరు మనుషులు చాలు.

ఎర్ర మీట గురించి. అది తిప్పితే బండిలో గడియారం ఆగిపోతుంది. తప్పు టైము చూపించే గడియారాన్ని నా సొత్తులో ఉంచుకోవడం నా వృత్తికే అవమానం.

బండి తిప్పుకురమ్మన్నారు. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారని మీకు తెలియనిదా? ఆ ఉప్పు తగిలితే దొరసాని అడుగుభాగం తుప్పు పట్టదా? ఏప్రిల్ నాటికి ఉప్పు పోతుంది గాని గుంతలు మిగులుతాయి. వేసవిలో జనం. ఆకులు రాలే కాలంలో జారుడు. ఇవన్నీ ఆలోచించేవాడే బండిని ప్రేమించేవాడు. నేను ఇంటిబళ్ల క్లబ్బులో సభ్యుణ్ణి కూడా. దారిలో మరో ఇంటిబండి ఎదురైతే చెయ్యి ఊపి పలకరించుకోవడం మా ఆచారం. ఆ ఊపడాన్ని నేను రోజూ అద్దం ముందు సాధన చేస్తున్నాను. మరీ పైకెత్తితే చవకబారుగా ఉంటుంది, మరీ కిందికైతే పొగరనుకుంటారు. ఇంత శ్రద్ధ ఉన్నవాడికి మీరు బండి నడపమని చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దొంగ ఉన్నాడు. మొన్న గురువారం వచ్చి చూశాను. నేను సుద్దతో గుర్తు పెట్టిన చోట దిండు లేదు. కెటిల్ మూతి కిటికీ వైపుకు తిరిగి ఉంది, నేనెప్పుడూ తలుపు వైపుకు పెడతాను. బల్ల మీద కేకు పొడి. అంటే ఎవరో పట్టపగలు నా బండిలో కూర్చుని, నా దీపం వేసుకుని, నా రేడియో వింటూ, నా బ్యాటరీని తాగుతున్నారు. మీ పెరట్లో మనుషులందరినీ పిలిచి నిలదీయవలసింది. నా వంతుగా ఒక కాపలా గంట బిగించాను. తలుపు కదిలితే చాలు, ఊరు లేచిపోయేలా అరుస్తుంది.

ఇట్లు,
సి. ఆంబ్లర్

తా.క.: అది సోపుగింజల లాంటివి వేసి చేసే కేకు. మా గ్లెనిస్ కూడా అచ్చం అలాగే చేస్తుంది, అందుకే పొడి చూడగానే ఇట్టే పోల్చుకున్నాను. వాసన విషయంలో నన్ను మోసం చెయ్యడం కష్టం.


విదర్‌హోమ్ ఫార్మ్,
డిసెంబరు 12.

ఆంబ్లర్ గారికి డోరీన్ రాసేది,

మీ కాపలా గంట అరిచింది. మొదటిసారి గాలికి అరిచింది. రెండోసారి మా పిల్లి టైరు మీద ఎక్కితే అరిచింది. మూడోసారి పిల్లీ లేదు, గాలీ లేదు, ఊరికే అరిచింది. అరగంట అరిచింది. మా మేనల్లుడు వెళ్లి చూసొచ్చి, "అత్తా, బండి బ్యాటరీ అయిపోతోందట, ఆ సంగతి చెప్పడానికి మిగిలిన బ్యాటరీ అంతా పెట్టి అరుస్తోంది" అన్నాడు. కాపలాకి కుక్కని పెడితే అన్నం తిన్నా ఇంటిని మిగులుస్తుంది. మీది ఇంటినే తింటోంది.

క్రిస్మస్‌కని పెంచుతున్న పెద్దబాతులు బెదిరిపోయి మేత మానేశాయి. ఒక్కోటి నాలాంటి విధవ మొహం వేసుకుని చూస్తోంది. వాటికి మీరు ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకోండి.

మనుషుల్ని నిలదీయమన్నారు. ఇక్కడ మనుషులంటే నేను, మా మేనల్లుడు. నిలదీశాను. ఇద్దరం ఒప్పుకోలేదు.

మీ పక్కబండి ముసలాయన ఉన్నాడే, ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు. అయినా నెలకోసారి స్కార్‌బరో దాకా వెళ్లి, సముద్రం ఎదురుగా ఆపుకుని, చేపా చిప్స్ తిని వస్తాడు. ఉప్పు రోడ్డు మీదే వెళ్తాడు. వచ్చాక బకెట్టుతో అడుగు కడుక్కుంటాడు. ఆయన బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ మాట ఎలా తెలుసని అడిగితే, తాళం తిప్పితే స్టార్టవుతోంది కదమ్మా అన్నాడు. ఆయన దగ్గర మీటరు లేదు పాపం.

మరోసారి చెప్తున్నాను. ఎర్ర మీట తిప్పండి. లేదా బండి తిప్పండి. రెండూ కాకపోతే ఉత్తరాలు తిప్పుకుంటూ కూర్చుందాం.

ఇట్లు,
డోరీన్

తా.క.: కవరు రోజూ తీసి కప్పే పని గురించి. మా ఊళ్లో డిసెంబరు ఎండ ఎంతసేపుంటుందో తెలుసుగా. నిచ్చెన దిగేలోపు మళ్లీ ఎక్కాలి.


బెవర్లీ,
జనవరి 30.

శ్రీమతి ఆక్స్‌టబీ,

'గారు' అన్నది ఉద్దేశపూర్వకంగానే మానేశాను.

కాపలా గంట చాలదని తేలింది కాబట్టి దొరసానికి మరికొన్ని రక్షణలు కల్పించాను. బండి ఎక్కడుందో ఆకాశం నుంచి కనిపెట్టి చెప్పే ట్రాకరు ఒకటి. లోపలి చెమ్మ పీల్చే యంత్రం ఒకటి. దొంగ బొమ్మ తీసే కెమెరా ఒకటి. మూడూ రాత్రింబగళ్లు పనిచేస్తాయి. అన్నీ దొరసాని బ్యాటరీల మీదే.

ఇంత చేసినా, దిగినప్పుడల్లా ఇంటికి మోసుకెళ్లి నింపి తెస్తున్నా, బ్యాటరీలు మునుపటికంటే రెట్టింపు వేగంతో దిగిపోతున్నాయి! దీన్నిబట్టి దొంగ బరితెగించాడని అర్థమవుతోంది. రక్షణ పెరిగేకొద్దీ దొంగతనం కూడా అంతే పెరుగుతోంది. నా లెక్కలో ఎక్కడా తప్పులేదు.

ఇంకొకటి కనిపెట్టాను. నేను మంగళవారం వస్తాను, గురువారం వస్తాను. వెనక బ్యాటరీ మామూలుగా కొంచెం తగ్గుతుంది. మంగళ గురువారాల మధ్య మాత్రం బాగా పడిపోతుంది. అంటే మీ దొంగ బుధవారం దొంగ. ఆ రోజు నేను స్వయంగా వచ్చి పొదలో కూర్చునే వీలు లేదు. బుధవారాలు గ్లెనిస్ కారు తీసుకుని చర్చిలో ఇత్తడి సామాను తోమడానికి వెళ్తుంది. పొద్దున పోయి సాయంత్రానికి గాని రాదు. ఇన్నాళ్లు తోమితే ఆ ఇత్తడి ఈపాటికి అరిగి కాగితమైపోయి ఉండాలి. భక్తి గల మనిషి, ఏమంటాం.

మొహమాటం లేకుండా అడుగుతున్నాను. నా బండిని మీరు బుధవారాలు ఎవరికైనా అద్దెకిస్తున్నారా? మీ వంటింట్లో కప్పులెప్పుడూ రెండేసి ఎందుకుంటున్నాయి? గురువారం కిటికీలోంచి చూశాను, రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. మీరేమో ఒంటరి మనిషినంటారు.

సి. ఆంబ్లర్

తా.క.: బ్యాటరీ చచ్చేలోపు కెమెరా ఒకే ఒక్క బొమ్మ తీసింది. దాన్ని బిగిస్తున్న నా మొహం. ముద్దాయిలా ఉన్నాను.


విదర్‌హోమ్ ఫార్మ్,
ఫిబ్రవరి 6.

ఆంబ్లర్,

నాక్కూడా 'గారు' బరువైపోయింది. దింపేశాను.

నలభై ఏళ్లుగా ఈ ఫార్మ్‌లో ఉన్నాను. గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి పిల్లని లాగినదాన్ని. నన్ను పట్టుకుని మీ డబ్బా బండిని దొంగచాటుగా అద్దెకిస్తున్నానా అంటారా? అద్దెకివ్వాలంటే ముందు అది కదలాలి. మీ దొరసాని మా పెరట్లోకి వచ్చినప్పటి నుంచి చేసిన ప్రయాణమల్లా, కిందటి వానలకి మట్టి మెత్తబడి రెండంగుళాలు నేలలోకి దిగడమే.

చదువుకున్న మనిషి కదా, ఒక లెక్క చెప్పండి. కాపలాకి గంట, గంటకి తోడు ట్రాకరు, ట్రాకరుకి తోడు కెమెరా, పైగా చెమ్మ యంత్రం, అందరికీ తిండి ఆ రెండు బ్యాటరీలే. నలుగురు కాపలావాళ్లని కూర్చోబెట్టి మేపుతూ, బియ్యం డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందని నన్నడుగుతారేం?

రెండు కప్పుల సంగతి చెప్తాను వినండి. బుధవారాలు నాకొక స్నేహితురాలు వస్తుంది. మంచి మనిషి. పొద్దున కాసేపు ఒంటరిగా కూర్చుని, కిటికీ పక్కన పుస్తకం చదువుకుని, రేడియోలో పాటలు వింటుంది. తర్వాత నా వంటింట్లోకి వచ్చి టీ తాగుతుంది. తనే కేకు చేసుకొస్తుంది. మొగుడున్నాడు. కొట్టడు, తిట్టడు, తాగడు. మాట్లాడడు, అంతే. మాట్లాడినా ఒకే ఒక్క వస్తువు గురించి మాట్లాడతాడు. "డోరీన్, ఇంట్లో నా మాటకంటే గడియారం టిక్కుటిక్కే ఎక్కువ వింటాడు" అని మొన్న ఇక్కడ కూర్చుని ఏడ్చింది. నా మొగుడు ప్యాంటు లేకుండా పరిగెత్తినా నాతో మాట్లాడుతూనే పరిగెత్తేవాడు.

మీ బండిలోకి తాళంచెవి లేకుండా ఎవరూ పోలేరు. ఉన్నవి రెండు. ఒకటి నా గోడ మేకుకే వేలాడుతోంది, మీరొచ్చినప్పుడు మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. రెండోది ఎక్కడుందో మీరే చూసుకోండి.

డోరీన్

తా.క.: ఇకమీదట నా వంటింటి కిటికీలోంచి చూసేముందు కిందికి చూసి నడవండి. అక్కడ పేడ బురద ఉంది. మీ బూటు గుర్తు గురువారం నుంచీ అలాగే ఉంది. సుద్ద గుర్తు పెట్టుకున్నాను.


బెవర్లీ,
ఏప్రిల్ 14.

గౌరవనీయులైన శ్రీమతి ఆక్స్‌టబీ గారికి,

'గారు' తిరిగి ఇస్తున్నాను. తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. బిస్కెట్ల డబ్బా తెరిచి చూశాను. రెండో తాళంచెవి ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. బిస్కెట్లు లేవు గాని అది వేరే సంగతి. తాళంచెవికి ఏదో కేకు పొడి అంటుకుని ఉంది, పాత డబ్బా కదా.

మీ స్నేహితురాలి కథ చదివి నిజంగా బాధపడ్డాను. అలాంటి మొగుళ్లు ఉంటారు, నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. ఇంట్లో మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే చూడరు. ఒకే వస్తువు పట్టుకుని కూర్చునేవాడని వ్రాశారు, గోల్ఫ్ పిచ్చా? నా సలహా అడగలేదు గాని చెప్తాను. అలాంటివాడికి మాటలతో బుద్ధి రాదు. ఆ మహాతల్లి ఓ నెలరోజులు వాణ్ణి వదిలేసి, ఎటు మనసైతే అటు పోవాలి. ఇంట్లో ఆమె ఎంతుందో అప్పుడు గాని వాడికి కొలత తెలియదు. ఈ మాట క్లిఫర్డ్ ఆంబ్లర్ అన్నాడని ఆమెకు నా పేరు చెప్పి మరీ చెప్పండి.

ఇప్పుడొక రహస్యం. ఆర్క్‌నీ ప్రయాణాన్ని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తున్నాను. బ్యాటరీలు ఈ స్థితిలో ఉండగా నమ్మి బయలుదేరలేను. సగం దారిలో 'టిక్' అంటే గ్లెనిస్ మొహం చూడగలనా? ఆ మొహం మళ్లీ చూసేకంటే అసలు వెళ్లకపోవడమే మేలనిపించింది. ఆమెకింకా చెప్పలేదు. టోపీ అప్పుడే బయటికి తీసి బ్రష్ చేస్తోంది. సమయం చూసి చెప్తాను. మీరు మాత్రం ఎవరి దగ్గరా అనకండి.

ఈలోగా ఒక సాయం చెయ్యండి. వరసల్లోకి తీగ రాదన్నారు కాబట్టి దొరసానినే మీ ట్రాక్టరుతో కొట్టంలోకి లాగించి, అక్కడి ప్లగ్గుకు తగిలించండి. రెండు బ్యాటరీలూ అంచు దాకా నిండాలి. పక్కన మనిషిని పెట్టి కాపలా కాయించగలరు. వచ్చే ఏడాది మేము వెళ్లేనాటికి దొరసాని పెళ్లికూతురులా సిద్ధంగా ఉండాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
క్లిఫర్డ్ ఆంబ్లర్

తా.క.: చెయ్యి ఊపడం ఇప్పుడు బాగా కుదిరింది. భుజం దగ్గర నుంచి కాదు, మణికట్టు దగ్గర నుంచి. నిన్న అద్దంలో చూసి నాకే ముచ్చటేసి నేనే తిరిగి ఊపాను.


స్ట్రామ్‌నెస్ రేవు, ఆర్క్‌నీ,
మే 19.

ఆంబ్లర్ గారికి డోరీన్ రాసేది,

పైన ఊరి పేరు చూసి కళ్లజోడు తుడుచుకోనక్కర్లేదు. సరిగ్గానే చదివారు.

మీరు చెప్పినవన్నీ చేశాం. దొరసానిని కొట్టంలోకి లాగించాను. మా మేనల్లుడు ముందు మీ గంట పీకాడు, తర్వాత కెమెరా పీకాడు, చెమ్మ యంత్రం తీసి బయటపెట్టాడు. తర్వాత ప్లగ్గుకి తగిలించాడు. రెండు బ్యాటరీలూ ఒక్క రాత్రికి నిండిపోయాయి. కాపలావాళ్లు పోయాక అవెంత బుద్ధిగా ఉన్నాయనుకున్నారు!

మీ ఉత్తరం నా స్నేహితురాలికి చదివి వినిపించాను. మీ పేరు చెప్పమన్నారుగా, చెప్పాను. ఓ నెల వదిలేసి ఎటైనా పోవాలన్న చోట మళ్లీ చదవమంది. టోపీ బ్రష్ చేస్తోందన్న చోట మాత్రం కాగితం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. తర్వాత టీ పక్కకి జరిపి, "డోరీన్, నీకు గొర్రెల పని ఎప్పుడు తెములుతుంది?" అని అడిగింది.

మేము బయలుదేరింది బుధవారం. ఆమె ఇంట్లో ఏం చెప్పిందో మీకు తెలుసు, అక్క దగ్గరికి అంది. ఆ అబద్ధానికి తనని క్షమించమని చర్చిలో ఇత్తడికి చెప్పుకుంటుందట. గురువారం మీరొచ్చి కొట్టంలో ఖాళీ చూసి పోలీసులకి ఫిర్యాదు చేసే ఉంటారు. ఫోను చెయ్యరు, ఉత్తరం రాస్తారు, అందుకే మేమూ నిదానంగానే వచ్చాం. బండి కాగితాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయని మాత్రం వాళ్లకి గుర్తు చెయ్యండి.

ఆమె తాళం తిప్పిన క్షణం నేను పక్క సీట్లో ఉన్నాను. టోపీ పెట్టుకుంది. 'టిక్' అంటుందేమోనని ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అది టిక్ అనలేదు. గుర్రుమంది. ఆమె స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, రెండూ అనుకుంటాను.

దారంతా తనే నడిపింది. కవరు మా కొట్టంలోనే వదిలేశాం, కప్పు మీద పలకకి మొదటిసారి ఎండ తగిలింది. బ్యాటరీ సంగతి మీకు బెంగగా ఉంటుందని నిన్న మీటరు పెట్టి చూశాం. నిండుగా ఉంది. బండి నడిస్తే నిండుతుందని అక్టోబరులోనే రాశాను.

మిగతాది ఆమె రాస్తుంది. నేను వెళ్లి కెటిల్ పెడతాను. దాని మూతి ఎటు తిప్పమంటారు?

ఇట్లు,
డోరీన్

తా.క.: క్లిఫర్డ్, నేను గ్లెనిస్‌ని.

వెనక బ్యాటరీలో రేడియో వాటా నాది, ఒప్పుకుంటాను. ఇంట్లో ఆ పాటలు పెడితే గడియారం చప్పుడు వినిపించట్లేదని కట్టేసేవాడివి. నువ్వు మన కోసం కొన్న బండిలో మనలో ఒకరైనా కూర్చోవాలనిపించింది, అందుకే బుధవారాలు వచ్చి, నీ గంట నోరు నొక్కి కూర్చున్నాను. ముందు బ్యాటరీ మాత్రం పూర్తిగా నీదే.

కోపం ఉంది. నాకు చెప్పకుండా వాయిదా వేశావని ఉంది. నా మొహం మళ్లీ చూడాల్సొస్తుందని భయపడ్డావని చదివాక సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది.

దారిలో ఎదురైన ప్రతి ఇంటిబండీ చెయ్యి ఊపింది. మొదటిసారి సిగ్గేసి తల తిప్పుకున్నాను. రెండోసారి ఊపాను. భుజం నుంచే ఊపాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. అప్పుడు మాత్రం నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది. అంత సాధన చేసినవాడివి, పాపం, అద్దం తప్ప నీకెవరూ తిరిగి ఊపలేదు.

రైల్లో థర్సో దాకా వచ్చి, వచ్చే బుధవారం పడవ ఎక్కు. రేవులో ఉంటాను. మీటరు తేవద్దు. టోపీ తెచ్చుకో, ఇక్కడ గాలి ఎక్కువ. బుధవారం పడవలో నువ్వు దిగకపోతే మేము ఇంకా పైకి, వేరే దీవికి వెళ్లిపోతాం.

ఎక్కడున్నామో ఆ ట్రాకరులో చూసుకుందామని మాత్రం కూర్చోకు. దాని తీగ కూడా పీకేశాను. ఊరికే బ్యాటరీ తాగేస్తోంది.